బానలో పడ్డ మైనపు గుడ్డలు

మైనపు గుడ్డ ఎలా చేస్తారో చెప్పమని నన్ను చాలామంది అడుగుతారు. రొట్టెలు చుట్టుకోవడానికి, కోసిన ఉల్లిగడ్డ మీద కప్పడానికి, పెరుగు గిన్నెకు మూతగా బిగించడానికి పనికొచ్చే గుడ్డ అది. కడుక్కుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. జాగ్రత్తగా చూసుకుంటే ఏడాది దాకా పారేయక్కర్లేదు. చెప్తాను, దాచుకునే విద్యేం కాదు. కానీ ముందు ఒక మనిషి సంగతి చెప్పాలి. అది వినే ఓపిక లేనివాళ్లకు గుడ్డ సంగతి చెప్పను. ఇది నేను పెట్టిన షరతు కాదు, నాకు పెట్టిన షరతు. కోపంగా చెప్తున్నానని ఎవరికైనా అనిపిస్తే, అవును, కోపంగానే చెప్తున్నాను. ఇన్నేండ్లయినా అది చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

మాది వరంగల్‌లో నేతపని వాళ్ల బజారు. డెబ్బైల నాటి మాట. నాయిన గుంటమగ్గం మీద నేల మీద పరుచుకునే జంఖానాలు నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది. నేను బడి నుంచి వచ్చి దారం చిక్కులు తీసేదాన్ని. వంట, పడక, మగ్గం అన్నీ రెండు అర్రల్లోనే. నూలు ఆడే ఇంట్లో నూగు ఎలా ఎగురుతుందో ఆ ఇంట్లో తిన్నవాళ్లకే తెలుస్తుంది. అన్నంలో నూగు, పప్పులో నూగు, నీళ్ల బిందె మీద నూగు. పొద్దున కాల్చిన జొన్నరొట్టె మధ్యాహ్నానికి అట్టలాగా ఎండేది. దాని మీద ఎర్రనూగు ఒక పొర, పచ్చనూగు ఒక పొర. నాయిన మగ్గం దిగి వచ్చి రొట్టెను మోకాలికేసి దులిపి తినేవాడు.

అమ్మ చేయని ప్రయత్నం లేదు. గంప బోర్లిస్తే సందుల్లోంచి నూగు దూరేది. మామూలు గుడ్డ కప్పితే అదే నూగును పట్టుకుని రొట్టెకు అంటించేది. మోదుగాకుల్లో చుడితే రొట్టె మెత్తగానే ఉండేది గానీ ఆకులు రోజూ కొనాలి, రోజూ పారేయాలి. కిరాణా కొట్టు కాగితంలో చుడితే సిరా రొట్టె మీదికి ఎక్కేది. ఆ ఆకులూ ఆ నూనె కాగితాలూ పోయి ఇంటిముందు మురుగు మోరీలో పడేవి. మోరీ నిండితే కట్టె పెట్టి తీసేది అమ్మే. మా అమ్మకు పారేయడమంటే ఒళ్లు మంట. తెగిన దారం పోగుల్ని కూడా ముడేసి ఉండ చుట్టేది. "గింత తిండికి గంత చెత్తనా?" అని మోరీ దగ్గర నిలబడి తిట్టేది. ఎవరిని తిట్టేదో తెలియదు, తిట్టడం మాత్రం రోజూ వినపడేది.

ములుగు అడవి వైపు నుంచి ఒకామె ఎండాకాలం తేనె అమ్మడానికి వచ్చేది. ఆమె కుండ మూతికి ఒక గుడ్డ కట్టి ఉండేది. కుండ వంగినా చుక్క కారేది కాదు. అమ్మ ఆ గుడ్డను చేత్తో పట్టుకుని చూసింది. తేనెమైనం పట్టించిన గుడ్డ. పిండేసిన తేనెపట్టు మైనం ముద్దలు రెండు అడిగి తీసుకుంది. నాయిన పాత ధోతిని నాలుగు మూరెడు ముక్కలు చింపింది, మైనం కరిగించి ముంచింది, ఆరబెట్టింది. ఎండాక అవి అప్పడాల్లాగా తయారయ్యాయి. మడిస్తే పెటపెటమని విరిగి, పెచ్చులు రొట్టె మీద రాలాయి. నాయిన పంటి సందుల్లోంచి మైనం తీసుకుంటూ, "నేను రొట్టె తింటాన్ననా, మైనంబత్తి తింటాన్ననా?" అన్నాడు.

ఇక్కడ ఆ మనిషి వస్తుంది. మా బజారు బట్టలుతికే ఆమె. అమ్మ కంటే పెద్దది కాబట్టి నేను పెద్దమ్మ అనేదాన్ని. అమ్మ ఆమెను అక్కా అనేది, ఆమె అమ్మను చెల్లె అనేది. ఇంట్లో మంచం పట్టిన మొగుడు, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. పొద్దున మూట తీసుకుపోయేది, పొద్దుగూకితే గంప పట్టుకుని అన్నానికి వచ్చేది. బట్టలుతికే వాళ్లకు రోజూ ప్రతి ఇంట్లో ఇంత అన్నం, ఇంత కూర పెట్టడం అప్పటి రివాజు. ఆ గంపే ఆ ఇంటి నలుగురికీ రాత్రి తిండి. మా బజారు ఉంటే వాళ్లకు అన్నం ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగిందంతా దీని గురించే.

ఆ సాయంత్రం పెద్దమ్మ మా అప్పడాల గుడ్డలు చూసి పడీపడీ నవ్వింది.

"మైనంల ముంచుతరా చెల్లె? ముంచితే గట్లనే పెచ్చులూడ్తది. ఇస్త్రీ చెయ్యాలె."

మర్నాడు తన బొగ్గుల ఇస్త్రీ పెట్టె తెచ్చి మా అరుగు మీద కూర్చుంది. కింద కాగితం, దాని మీద గుడ్డ, గుడ్డ మీద గీరిన మైనం, పైన ఇంకో కాగితం. వాటి మీద ఇస్త్రీ పెట్టెను మెల్లగా నడిపించింది. మైనం ఎంత కావాలో అంతే గుడ్డలోకి ఇంకి, మిగిలింది కాగితానికి పోయింది. తేనె అమ్మే ఆమె చెప్పిన ఇంకో వస్తువు కలిపితే పెళుసుతనం కూడా పోయింది. అరచేతి వేడికి గుడ్డ లొంగి, గిన్నె అంచుకు అతుక్కుని కూర్చునేది. అమ్మ ముఖం ఆ రోజు చూడాల్సింది. జంఖానా నేసి నాయిన అంత మురిసిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అంచులు కుట్టడం నా పని. జంఖానా దారం మిగుళ్లు ఉండేవి. మా గుడ్డలకు ఎర్రదారంతో కుట్టాను. పెద్దమ్మకు రెండు గుడ్డలు ఇద్దామని అమ్మ అంటే వాటికి నీలం దారంతో కుట్టాను, కలిసిపోకుండా. ఇవ్వాలనిపించినందుకు కారణం ఉంది. పెద్దమ్మ గంపలో ఇరవై ఇండ్ల తిండి ఒకదాని మీద ఒకటి పడేది. పప్పు మీద చారు, చారు మీద పచ్చిపులుసు, వాటన్నిటి కింద నానిపోయిన రొట్టె. ఆ గుడ్డలు వచ్చాక రొట్టెలు ఒకదాంట్లో చుట్టుకుని, కూర గిన్నెకు రెండోది బిగించుకుని పోయేది. "మా పిల్లలు ఇయ్యాల రొట్టెను రొట్టె లెక్క తిన్నరు చెల్లె" అని మర్నాడు వచ్చి చెప్పింది. రెండు గుడ్డలు. మూడు కాదు, నాలుగు కాదు.

ఆ గుడ్డలంటే అప్పట్లో నాకు పరమ అసహ్యం. నా రొట్టెలు కూడా వాటిలోనే చుట్టి బడికి పంపేది అమ్మ. పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకుని, "మీ ఇంట్ల తేనెటీగలను సాదుతరా?" అంది. మిగతావాళ్లు నవ్వారు. వాళ్ల రొట్టెలు కాగితంలో వచ్చేవి. తిని, కాగితం ఉండచుట్టి కిటికీలోంచి విసిరేసి, చేతులు దులుపుకునేవారు. నేను మాత్రం పసుపు మరకల గుడ్డను మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి తేవాలి. విసిరేయడంలో ఒక గొప్ప ఉందని నాకు అప్పుడే అనిపించింది. ఇంటికొచ్చి అమ్మతో పోట్లాడేదాన్ని. అమ్మ వినేది కాదు. "సల్లనీళ్లతోటి కడుగు, నీడకు ఆరెయ్యి, ఉడుకనీళ్లు తాకనియ్యకు" అని మాత్రం వందసార్లు చెప్పేది. వందసార్లని ఊరికే అనడం లేదు. నాకు తెలియక చేశానని రేపు ఎవరూ అనుకోకుండా చెప్తున్నాను.

నాకు పన్నెండేండ్లప్పుడు నానమ్మ పోయింది. మా బజారులో చాలా ఇండ్లు మా పాలోళ్లవే, అంటే ఒకే వంశం వాళ్లవి. ఒక ఇంట్లో చావు జరిగితే అందరికీ మైల. దినాల నాడు ఆ ఇండ్లన్నింట్లో కట్టినవీ, కప్పుకున్నవీ, పరుచుకున్నవీ ఒక్కటి మిగలకుండా ఉతకడానికి పోవాలి. మా ఇంట్లో పెత్తనం నాయిన అక్కది, మా మేనత్తది. తల్లి పోయిన దుఃఖం ఆమెకు నిజంగానే ఉంది, కాదనను. కానీ ఆ దుఃఖమంతా మా అమ్మ మీద అరుపులై వచ్చేది. మైనపు గుడ్డల్ని చూసిన మొదటిరోజే "పురుగుల ఎంగిలి అన్నం మీద కప్పుతరా?" అని మూతి తిప్పింది.

అమ్మ వంట దగ్గర ఉంది. బట్టలు ఏరే పని నాకు పడింది. మేనత్త గడపలో నిలబడి, "ఒక్క పేలిక గూడ ఇంట్ల ఉండొద్దు. ఉన్నదా, మా అవ్వకు నీళ్లు ముట్టయి" అంది. వంటింటి తలుపు వెనక మేకుకు మా ఎర్రదారం గుడ్డలు రెండు వేలాడుతున్నాయి. అప్పటికి మాకు మిగిలినవి ఆ రెండే. వాటిని తీశాను. "ఇవి ఉడుకనీళ్లల్ల ఎయ్యద్దత్తా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదనుకున్నాను. రెండింటినీ నానమ్మ దుప్పటిలో పెట్టి చుట్టచుట్టి మూటలో కుక్కాను.

మామూలు రోజుల్లో పెద్దమ్మ ప్రతి బట్టా విప్పి, జీడిగింజతో పెట్టిన ఇంటి గుర్తు చూసి, లెక్క చెప్పి మూట కట్టేది. మైల మూటను మాత్రం ఇంటి ముందు విప్పరు. కట్టింది కట్టినట్టే ఎత్తుకుపోవాలి. ఆమె ఎత్తుకుపోయింది. ఆ రోజు రేవులో బానలన్నీ మా పాలోళ్ల బట్టలతోనే నిండాయి. చవుడు కలిపిన నీళ్లు, కింద మంట, పైన మా బజారు ధోతులు, దుప్పట్లు, చీరలు. ఏమైందో నేను చూడలేదు గానీ ఊహించడం కష్టం కాదు. రెండు గుడ్డల్లోని మైనం కరిగింది, ఏడాదిగా వాటికి పట్టిన పసుపూ కారపు నూనె కూడా వదిలాయి. అవన్నీ బానలోని తెల్లబట్టల్ని పట్టుకున్నాయి. చల్లారాక గట్టిపడ్డాయి. కట్ట మీద ఆరేస్తే ఎగిరే దుమ్మంతా ఆ మచ్చలకు అంటుకుంది.

రెండు రోజులు పెద్దమ్మ రాలేదు. ఆ మచ్చలు పోగొట్టడానికి ఒక్కో బట్టకూ కాగితం పెట్టి ఇస్త్రీ చేస్తూ కూర్చుందట. చిన్న మచ్చలు పోయాయి, పెద్దవి పోలేదు. మూడోరోజు పొద్దున మూటలు మోసుకొచ్చి బజారు నల్లా దగ్గర దింపింది. ఆడవాళ్లు బిందెలు వదిలేసి చుట్టూ మూగారు. ఎదురింటి చిన్నమ్మ తన మొగుడి ధోతి విప్పి, ఆ పసుపు మచ్చలు చూసి, నెత్తి కొట్టుకుంది. అందరూ ఒక్కసారే అరిచారు. పెద్దమ్మ కొంగులోంచి రెండు గుడ్డలు తీసింది. మైనమంతా పోయి పీలికల్లాగా వేలాడుతున్నాయి. అంచుకు ఎర్రదారం మాత్రం అలాగే ఉంది. వాటిని పట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చింది. బజారు ఆమె వెనకాలే వచ్చింది.

"చెల్లె, బానల ఇవి ఎల్లినయ్. జర చూడు. మీయే గదా?"

లోపల మగ్గం చప్పుడు ఆగింది. మేనత్త వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. అమ్మ ఆ గుడ్డల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఎలా జరిగిందో ఆ ఒక్క చూపులోనే అమ్మకు తెలిసిపోయింది.

"మాయి కావక్కా" అంది. "నీకిచ్చినయే గావచ్చు. తప్పి పడ్డయేమో చూసుకో."

"నాయా?" పెద్దమ్మ వెనక్కి తిరిగింది. సందు చివరన ఆమె ఇల్లు. పరుగులాంటి నడకతో పోయి వచ్చింది. చేతిలో నీలం దారం గుడ్డలు రెండు, మైనం మెరుస్తూ, కొత్తవాటిలాగే ఉన్నాయి. మాకంటే భద్రంగా వాడుకుంది వాటిని.

"ఇగో నాయి రెండు. నువ్వు ఇచ్చిందే రెండు. నాయి నీలం దారం, ఇవి ఎర్రదారం."

"నేను నాలుగిచ్చిన" అంది అమ్మ.

"నాలుగా?"

"నాలుగే. రెండు నీలంయి, రెండు ఎర్రయి."

పెద్దమ్మ మా అమ్మ వైపు చూడటం మానేసి నా వైపు తిరిగింది. ఆమె గొంతు మెత్తబడింది. నా మీద ఆమెకు ఇంకా నమ్మకం ఉందన్నమాట.

"నువ్వు చెప్పు బిడ్డా. నువ్వే గద కుట్టినవ్. నాకెన్ని ఇచ్చిన్రు?"

బజారంతా నన్ను చూసింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. కనీసం నోరు మూసుకుని నిలబడి ఉన్నా కొంత నయం. కానీ నేను నోరు తెరిచి, "నాకు యాదికి లేదు" అన్నాను.

పెద్దమ్మ నాలుగు గుడ్డలనూ మా అరుగు మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. "ఇగో చెల్లె. నాలుగు. లెక్క సరిపాయె" అంది. మూటలు అక్కడే వదిలి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గంప పట్టుకుని వచ్చింది. రాక ఏం చేస్తుంది, ఇంట్లో పిల్లలున్నారు. నేను అరుగు మీద కూర్చుని చూశాను. మొదటి ఇంట్లో "అయిపోయింది" అన్నారు. రెండో ఇంటి తలుపు తీయలేదు. ఎదురింటి చిన్నమ్మ "ధోతి కొనిచ్చి అన్నం అడుగు" అంది. ఒక్కో గడప ముందూ ఆగి, ఒక్కో మాట విని, గంప అలాగే చంకన పెట్టుకుని మా ఇంటి దాకా వచ్చింది. మా అమ్మ గిన్నె నిండా అన్నం పెట్టుకుని గడపలో నిలబడింది. పెద్దమ్మ మా ఇంటి ముందు ఆగలేదు. అమ్మ వైపు చూడనైనా చూడలేదు. సందు మలుపు తిరిగిపోయింది. అమ్మ చాలాసేపు ఆ గిన్నె పట్టుకునే ఉంది. ఆ అన్నం మేమే తిన్నాం, సిగ్గులేకుండా.

వారం తిరక్కుండా బజారు బట్టలు చౌరస్తాలో కొత్తగా తెరిచిన లాండ్రీకి పోవడం మొదలైంది. అక్కడ అన్నం అడగరు, రసీదు ఇస్తారు. అందరికీ అదే బాగుంది. నాకు ఇప్పుడనిపిస్తుంది, వాళ్లకు ఒక సాకు కావాల్సి వచ్చింది, ఆ సాకు మేమిచ్చాం. పెద్దమ్మ కుటుంబం ఆ యేడే సందు చివరి ఇల్లు ఖాళీ చేసింది. ఎటు పోయారో ఎవరూ అడగలేదు.

అమ్మ భయం నాకు అర్థం కాక కాదు. ఒప్పుకుంటే మేనత్త అక్కడికక్కడే చీల్చేది, పాలోళ్లందరికీ నాయిన జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది, నా వీపు పగిలేది. నన్ను కాపాడటానికే అబద్ధమాడిందని కూడా తెలుసు. అర్థమైనంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడుంది? "మాయి కావు" అని ఊరుకుంటే అది భయం. "నాలుగిచ్చిన" అనడం భయం కాదు. మనం ఇచ్చినదాన్నే తీసుకుని మనిషి మెడకు చుట్టడం అది. మా గుడ్డలకు ప్రాణం పోసిందే ఆమె ఇస్త్రీ పెట్టె అని అమ్మకు తెలియదా?

అమ్మ మళ్లీ మైనం ముట్టలేదు. నీలం గుడ్డలు రెండూ కొన్నాళ్లు దండెం మీద వేలాడి, ఎలుకలు కొరికాక పొయ్యిలోకి పోయాయి. నా రొట్టెలు కాగితంలో రావడం మొదలైంది. నేను కోరుకున్నట్టే తిని ఉండచుట్టి కిటికీలోంచి విసిరేదాన్ని. ఎనభైలు వచ్చేసరికి కాగితం పోయి ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. మా మోరీలో ఆకులు కుళ్లేవి, కాగితాలు నానేవి. కవర్లు ఏమీ కావు, అలాగే పడి ఉంటాయి. వానాకాలం మోరీ పొంగి మా గడప ఎక్కేది. అమ్మ కట్టె పట్టుకుని కవర్లు లాగేది గానీ ఇప్పుడు ఎవరినీ తిట్టేది కాదు.

నాకు పెండ్లయి నెక్కొండ దగ్గర ఊళ్లో ఉన్నాం. మా ఆయన మగ్గం వదిలేసి కౌలుకు మిర్చి వేశాడు. బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన రోజు, షెడ్డు కింద మిర్చిలోంచి తాలుకాయలు ఏరే ఆడవాళ్ల వరసలో పెద్దమ్మ కనపడింది. ముక్కుకు గుడ్డ కట్టుకుంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మధ్యాహ్నం అన్నం వేళకు అందరూ లేచి గోడ నీడకు పోయారు. ఆమె ఒక ప్లాస్టిక్ కవరు విప్పింది. రొట్టెలు అందులో చెమటపట్టి ముద్దయిపోయాయి. గోరుతో గీరి తీసుకుని తింది. ఆ కవరు గాలికి ఎగిరి కంచెకు తగులుకుంది. అక్కడ అలాంటివి అప్పటికే వందలున్నాయి.

దగ్గరికి పోయి కూర్చున్నాను. "పెద్దమ్మా, నేను..." అన్నాను.

"ఎరుకే. జంఖానాలోళ్ల పిల్లవు."

"ఆ గుడ్డలు మాయే. మూటల ఏసింది నేనే. నీకిచ్చింది రెండే, నాకు యాదికుండె."

ఆమె నమలడం ఆపలేదు.

"నాకు చెప్పుడెందుకు? నాకెరుక లేదా? ఎరుకలేంది బజారుకు. ఆడికి పోయి చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నా వైపు ఒకసారి చూసి, "ఆ ఏడుపు గూడ ఆడనే ఏడువు. ఈడ మిరపఘాటుకు అందరం ఏడుస్తనే ఉన్నం" అంది. గుడ్డ మళ్లీ ముక్కుకు కట్టుకుని లేచింది.

ఆ సాయంత్రమే మా బజారుకు పోయాను. తెల్లారి నల్లా వచ్చే వేళ, ఆడవాళ్లంతా బిందెలతో ఉన్నప్పుడు, నిలబడి చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు. మేకు మీది గుడ్డలు, నానమ్మ దుప్పటి, అమ్మ చెప్పిన నాలుగు, నేను చెప్పిన యాదికి లేదు. చెప్పి, తిట్ల కోసం నిలబడ్డాను. ఎవరైనా నా ముఖాన ఉమ్మితే బాగుండుననుకున్నాను.

"ఏ చాకలామె?" అంది ఒకామె.

"గప్పటి ముచ్చట ఎవలికి యాదికున్నదే!" అంది ఇంకొకామె.

ఎదురింటి చిన్నమ్మ బిందె చంకకెత్తుకుంటూ నవ్వింది. "చాకలామె సంగతేమో గానీ ఆ మైనం గుడ్డలు మంచిగుండేవే. రొట్టె పొద్దుగూకే దాక మెత్తగుండేది. ఎట్ల చేసేదే మీ అమ్మ? గీ కవర్లతోటి మోరి ఎత్తిపోసుడే పనైంది మాకు."

నిజంగా అదే అడిగింది. నలుగురి నోటి దగ్గర అన్నం లాగేసిన మనుషులకు ఆ మనిషే గుర్తులేదు. ఆ గుడ్డ గుర్తుంది. నల్లా దగ్గర ఒక బిందె ఎత్తి రాయికేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. నేనేమన్నా తక్కువ తిన్నానా?

అమ్మ అరుగు మీద నిలబడి అంతా విన్నది. నేను ఇంట్లోకి రాగానే, "కడుపు చింపుకుంటే కాళ్ల మీద పడ్తది బిడ్డా" అంది.

"పడనీ" అన్నాను. "నాలుగని ఎట్లన్నవమ్మా?"

అమ్మ కండె చుట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "నోట్లెకెళ్లి ఎట్లొచ్చిందో నాకు ఇప్పటికీ ఎరుకలే" అంది. ఆ జవాబు నాకు చాలలేదు. అమ్మ పోయింది, ఇంకా చాలలేదు.

ఊరికి పోయి మైనం సంపాదించాను. రెండు గుడ్డలు చేసి నీలం దారంతో అంచు కుట్టాను. తర్వాతి వారం మార్కెట్‌కు తీసుకుపోయాను. పెద్దమ్మ తాలు ఏరుతూనే వింది.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

అబద్ధం చెప్పడానికి ఒక మాట తయారుగానే ఉంది, అందరూ బాధపడ్డారని. ఈసారి ఆ మాట మింగి నిజం చెప్పాను. ఎవరికీ యాదికి లేదన్నారని, గుడ్డ ఎలా చేస్తారో అడిగారని. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. తెల్లబారిన కాయలు పక్కకు, మంచివి ఇటు ఏరుతూ పోయింది.

"చెప్పినవా మరి, ఎట్ల చేస్తరో?"

"చెప్పలే."

"చెప్పు. చెప్పకుంటే ఏమొస్తది, ఇంకింత చెత్త తప్ప. గానీ నా ముచ్చట ముందు చెప్పు, మైనం ముచ్చట ఎనుక చెప్పు. నా ముచ్చట ఇననోళ్లకు అది గూడ చెప్పకు."

గుడ్డలు అందుకుంది. అంచు దారం రంగు చూసింది. సంతోషం గానీ, సరేనన్న మాట గానీ లేదు. ఒకదాంట్లో రొట్టెలు చుట్టుకుని, కవరును మడిచి నా చేతిలో పెట్టింది, తీసుకుపొమ్మని. తర్వాతి పంటకాలం వచ్చేసరికి ఆమె ఆ షెడ్డు కింద లేదు. ఎవరిని అడిగినా తెలియదన్నారు.

ఆమె సంగతి చెప్పాను. ఇప్పుడు మైనం సంగతి. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డ తీసుకోవాలి, గంజి ఉండకూడదు. తేనెమైనంలో చిటికెడు గుగ్గిలం పొడి, నాలుగు చుక్కల నువ్వులనూనె వేసి సన్నసెగ మీద కరిగించాలి. తేనె అమ్మే ఆమె చెప్పిన వస్తువు ఆ గుగ్గిలమే. చల్లారాక ఆ ముద్దను చాకుతో గీరి గుడ్డ మీద పలచగా చల్లాలి. కింద ఒక కాగితం, పైన ఒక కాగితం వేసి ఇస్త్రీ పెట్టె నడపాలి. ఇస్త్రీ ఎవరు నేర్పారో మీకు తెలుసు. మైనం ఇంకి గుడ్డ రంగు మారగానే రెండు కొసలు పట్టి లేపి గాలికి ఆడించాలి. అంచు మీ ఇష్టమొచ్చిన దారంతో కుట్టుకోండి. పొగలు కక్కే కూర మీద కప్పకండి. వాడాక చల్లనీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. వేడినీళ్లలో పడితే ఏమవుతుందో ఇంతకుముందే చెప్పాను.